పిండినల్లి: మందుకు ముందు చూపు



సంక్రాంతి వెళ్లిపోయింది. చలి తగ్గుముఖం పట్టింది. శివరాత్రి దాటితే మన కృష్ణా డెల్టాలో ఎండ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పొడి ఎండల్లో మనం నీడ వెతుక్కుంటాం. ఒక పురుగు మాత్రం సరిగ్గా ఆ రోజుల కోసమే కాచుకుని ఉంటుంది. గట్టి వానలు పడుతున్నన్నాళ్లూ అంతంతమాత్రంగా ఉండి, వేసవి మొదలయ్యేసరికి విజృంభిస్తుంది. మళ్లీ తొలకరి జల్లులు పడి ఆకులు కడిగేదాకా దానిదే రాజ్యం. ఆ పురుగు పేరు పిండినల్లి. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

పిండినల్లి అనగానే ఇదేదో బొప్పాయి రైతుల గొడవ అనుకుని రేడియో కట్టేయకండి. కంకిపాడులో బందరు రోడ్డు పక్కన ఇల్లుండి, వాకిట్లో ఒకే ఒక్క మందార మొక్క ఉన్నా మీకు ఈ పురుగుతో పని పడుతుంది. ఉప్పులూరులో పెరటి జామచెట్టు ఉన్నవారికి, తోట్లవల్లూరు వైపు లంకల్లో బొప్పాయి వేసినవారికి, ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు వేసినవారికి, మేడ మీద కుండీల్లో వంగ, బెండ పెంచుకునే అమ్మలకు, అందరికీ ఇది చుట్టమే. పిలవకుండా వచ్చే చుట్టం.

ముందు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుందాం. పిండినల్లిని మరొకటి అనుకుని, దానికి సంబంధం లేని మందు కొట్టి, డబ్బూ మొక్కా రెండూ పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

మందార మొక్క దగ్గర నిలబడి చూడండి. పైపైన చూస్తే కనిపించదు. చిగురు విచ్చుకునే చోట చూడండి. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న మూల చూడండి. ఆకును తిరగేసి ఈనెల వెంట చూడండి. మొగ్గ అడుగున చూడండి. అక్కడ చిన్న చిన్న దూది పింజలు అంటించినట్టు తెల్లగా ఉందా? ఒక పుల్ల తీసుకుని ఆ తెలుపును మెల్లగా పక్కకు తొలగించండి. కింద మెత్తటి శరీరం, నువ్వుగింజ కంటే కాస్త చిన్నదో పెద్దదో, కోలగా ఉండే పురుగు కనిపిస్తుంది. పుల్లతో నొక్కితే రసం వస్తుంది. బొప్పాయి మీద వచ్చే రకం నుంచి పసుపు రసం వస్తుంది. మందారం మీద వచ్చే రకాల్లో ఒకటి నలిపితే ఎర్రగా ఉంటుంది. రసం వచ్చిందంటే అది పురుగే. తెగులు కాదు.

ఈ పరీక్ష ఎందుకు చెబుతున్నానంటే, మొక్కల మీద తెల్లగా కనిపించేవి ఇంకా ఉన్నాయి. బూడిద తెగులు ఉంది. వేలితో తుడిస్తే పొడి అంటుకుంటుంది, కింద పురుగు ఉండదు. అది శిలీంధ్రం, దానికి పురుగు మందు కొట్టి లాభం లేదు. కొబ్బరి ఆకుల అడుగున ఈమధ్య తెల్లటి మైనం వలయాలు వలయాలుగా కనిపిస్తోంది. చాలామంది దాన్ని పిండినల్లి అంటున్నారు. కాదు. అది రుగోస్ తెల్లదోమ. 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు మొదటిసారి కనిపించి, అక్కడినుంచి మన గోదావరి, కృష్ణా జిల్లాల కొబ్బరి తోటల దాకా వచ్చింది. కొమ్మ కదిపితే తెల్లదోమ గుప్పున లేస్తుంది. పిండినల్లి లేవదు. ఆడ పిండినల్లికి రెక్కలే లేవు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. కదిపినప్పుడు ఎగిరితే తెల్లదోమ. కదిపినా అక్కడే ఉంటే పిండినల్లి.

మందారానికి ఇంకో చిక్కు ఉంది. ఎర్ర రసం వచ్చే ఆ రకం చిగుళ్లలో చేరితే దాని లాలాజలంలోని విషానికి ఆకులు ముడుచుకుని, కొసలు గుత్తిలా పట్టేస్తాయి. పూలు చిన్నవైపోతాయి. అది చూసి వైరస్ వచ్చిందని మొక్క పీకేస్తారు. పీకే ముందు ఆ ముడత విప్పి చూడండి. లోపల తెల్లటి కుటుంబం కాపురం పెట్టి ఉంటే, ఆ కొస తుంచేస్తే చాలు. మొక్క మళ్లీ చిగురిస్తుంది.

సరే, ఇక దీని బతుకు ఎలా సాగుతుందో చూద్దాం. ఇది తెలియకపోతే మందు ఎందుకు పనిచెయ్యదో తెలియదు.

ఆడ పురుగు తన వెనక తెల్లటి మైనపు దారాలతో ఒక సంచి అల్లుకుంటుంది. అందులో గుడ్లు పెడుతుంది. పదులు కాదు, వందల్లో పెడుతుంది. గుడ్లు పొదిగి పిల్లలు వస్తాయి. ఆ పిల్లలు కంటికి ఆననంత చిన్నవి, లేత పసుపు రంగులో ఉంటాయి, వాటి ఒంటి మీద మైనం ఇంకా సరిగ్గా పట్టి ఉండదు. అవి పాకుతాయి. గాలికి కొట్టుకుపోతాయి. నీటి మీద తేలిపోతాయి. మన చొక్కాకు, మన చేతిలో కత్తెరకు అంటుకుని ఇంకో మొక్క మీద దిగుతాయి. మంచి చోటు దొరికితే ముక్కు గుచ్చి రసం పీల్చడం మొదలుపెడతాయి. అక్కడినుంచి ఒంటి మీద మైనం పెరుగుతుంది. ఎండలు ముదిరితే నెల తిరిగేసరికి ఇంకో తరం తయారు.

ఈ మైనమే దాని కవచం. మీరు ఎంత ఘాటు మందు కొట్టినా నీళ్లు ఆ మైనం మీద జారిపోతాయి. సంచిలోని గుడ్లకు అసలే తగలదు. పైన ఉన్న నాలుగు చచ్చి రాలతాయి. రైతు సంతోషపడతాడు. పది రోజులకు సంచిలోంచి కొత్త తరం బయటికి వస్తుంది. మందు కల్తీదని కొట్టువాడితో తగువు పడతాడు. మందు మంచిదే కావచ్చు. తగలాల్సిన చోట, తగలాల్సిన వేళ తగల్లేదు.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను. దాన్ని దెబ్బకొట్టే వేళ పిల్లలు పాకే వేళ. మైనం పట్టని వేళ. ఏ పనిచేసినా ఒక్కసారి చేసి వదిలేస్తే కుదరదు. పది రోజులకోసారి, రెండు మూడు విడతలు చెయ్యాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పిండినల్లి ఒంటరిగా ఉండదు. దానికి కాపలా ఉంటుంది. ఆ కాపలాదారు చీమ.

పిండినల్లి మొక్క రసం తాగుతూనే ఉంటుంది. అంత రసం దాని ఒంటికి అక్కర్లేదు. మిగిలిన తీపి నీటిని చుక్కలు చుక్కలుగా వదిలేస్తుంది. అది కింది ఆకుల మీద పడి జిగటగా అంటుకుంటుంది. ఆ జిగట మీద నల్లటి బూజు పెరుగుతుంది. మసి తెగులు అంటాం. మీ జామచెట్టు ఆకులు మసి పూసినట్టు నల్లగా ఉన్నాయంటే, ఆ నలుపు సంగతి తర్వాత, పై కొమ్మల్లో తెలుపు ఎక్కడుందో చూడండి. పైన తెలుపు పోతే కింద నలుపు దానంతట అదే ఎండి రాలిపోతుంది.

ఆ తీపి నీటి కోసమే చీమలు వస్తాయి. మీసాలతో పిండినల్లిని తడతాయి. అది చుక్క వదులుతుంది. చీమ తాగుతుంది. ఊరికే తాగి పోదు. పిండినల్లిని తినడానికి వచ్చే పురుగుల్ని కరిచి తరిమేస్తుంది. అవసరమైతే పిల్లల్ని నోట కరుచుకుని కొత్త కొమ్మ మీద దింపుతుంది. అందుకే చీమల బారు చెట్టెక్కుతుంటే ఆ బారు వెంట మీ చూపు కూడా పైకి ఎక్కాలి. బారు ఎక్కడ ఆగిందో అక్కడ పిండినల్లి ఉంటుంది. వెతకడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

చీమను ఆపితే సగం పని అయిపోయినట్టే. ఇది నా మాట కాదు, ఈ పురుగు మీద పనిచేసినవారు ఎవరైనా చెప్పే మాటే. జామ, సీతాఫలం, మందారం లాంటి చెట్లయితే కాండం చుట్టూ మోకాలి ఎత్తున జానెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితం బిగుతుగా చుట్టండి. పైనా కిందా పురికొస కట్టండి. ఆ కాగితం మీద గ్రీజు పూయండి. కాగితం మీదే పూయాలి. బెరడు మీద నేరుగా పూస్తే చెట్టు దెబ్బతింటుంది. తర్వాత ఇంకో పని ఉంది, అందరూ మరిచిపోయేది. చెట్టు కొమ్మ గోడకో, కరెంటు తీగకో, పక్క చెట్టుకో తగులుతుంటే చీమకు గ్రీజుతో పనిలేదు, ఆ దారిన వచ్చేస్తుంది. ఆ కొమ్మ కొట్టేయాలి. గ్రీజు మీద దుమ్ము పేరుకుంటే మళ్లీ పూయాలి. మన ఊళ్లలో వేసవి దుమ్ము ఎంతో తెలిసిందే కదా.

చీమలు రాకపోతే ఏమవుతుంది? పిండినల్లి శత్రువులు వస్తాయి. అవి మనకు మిత్రులు. ఆ మిత్రుల గురించి కాస్త ఎక్కువ సేపు చెబుతాను, ఓపిక పట్టండి. ఎందుకంటే మనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది.

అక్షింతల పురుగులు మీకు తెలుసు. ఎర్రగా, నల్ల చుక్కలతో ముద్దుగా ఉంటాయి. వాటి జాతిలోనే చుక్కలు లేని పురుగు ఒకటుంది. పేరు క్రిప్టోలీమస్. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, రూపం గుర్తుంచుకోండి. చిన్నది, నల్లటి వీపు, తల మాత్రం నారింజ రంగు. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1890ల మొదట్లో అమెరికావాళ్లు కాలిఫోర్నియా తోటల కోసం దాన్ని ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకున్నారు. మన దేశానికి 1898లో వచ్చింది. కాఫీ తోటల్లో పొలుసు పురుగును అణచడానికి తెచ్చారు. ఆ పనిలో అది పెద్దగా పేరు తెచ్చుకోలేదు కానీ, దక్షిణాదిన స్థిరపడిపోయి పిండినల్లి మీద తన ప్రతాపం చూపించింది. ద్రాక్ష, జామ తోటల రైతులు దాన్ని కొని తెచ్చి వదులుతుంటారు.

మరి దాన్ని ఎలా పెంచుతారో తెలుసా? గుమ్మడికాయల మీద. నిజంగానే. బాగా ముదిరిన గుమ్మడికాయల్ని కడిగి, ఆరబెట్టి, వాటి మీద పిండినల్లి పిల్లల్ని వదులుతారు. కాయ మొత్తం తెల్లగా అయిపోయాక పెట్టెల్లో పెట్టి క్రిప్టోలీమస్ పురుగుల్ని వదులుతారు. అవి అక్కడే తిని, గుడ్లు పెట్టి, సంతానాన్ని వృద్ధి చేస్తాయి. వాటిని సీసాల్లోకి ఎత్తి రైతుకు ఇస్తారు. పిండినల్లి మీద పగతో పిండినల్లినే పెంచాల్సి రావడం, ఈ శాస్త్రంలో నాకు నచ్చిన వింత.

చెట్టుకు పది చొప్పున సాయంత్రం చల్లబడ్డాక వదిలితే చాలు. వదిలిన తర్వాత పురుగు మందు ముట్టుకోకూడదు. చీమల్ని ముందే ఆపి ఉండాలి. ఈ రెండూ చెయ్యకుండా వదిలితే డబ్బు దండగ.

ఇప్పుడు పొరపాటు సంగతి. క్రిప్టోలీమస్ పెద్ద పురుగు నల్లగా ఉంటుంది కానీ, దాని పిల్ల తెల్లగా ఉంటుంది. ఒంటినిండా తెల్లటి మైనపు కుచ్చులు వేలాడుతుంటాయి. చూడగానే ఎవరైనా ఏమనుకుంటారు? ఇదే పెద్ద పిండినల్లి అనుకుంటారు. అన్నిటికంటే ముందు దాన్నే నలిపేస్తారు! తోటలో మనకు మేలు చేసేదాన్ని మన చేత్తో మనమే చంపుతున్నాం.

తేడా చెబుతాను, జాగ్రత్తగా వినండి. పిండినల్లి చిన్నది. మిత్రపురుగు పిల్ల దానికంటే రెండు మూడు రెట్లు పొడవు, సెంటీమీటరు దాటి కూడా ఉంటుంది. పిండినల్లి కదలదు, కదిలినా బద్ధకంగా కదులుతుంది. మిత్రుడి పిల్ల చురుగ్గా నడుస్తుంది. పిండినల్లి గుంపుగా అతుక్కుని ఉంటుంది. మిత్రుడి పిల్ల ఆ గుంపులో తిరుగుతూ తింటుంటుంది. మరోసారి చెబుతాను. తెల్లగా ఉండి, పెద్దగా ఉండి, చకచకా నడుస్తుంటే దాన్ని చంపకండి.

ఇంకో మిత్రుడున్నాడు. ఇది చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక. సీతాకోకచిలుక పిల్లలు ఆకులు తింటాయని మనకు తెలుసు. ఈ చిలుక పిల్ల ఆకు ముట్టదు. మాంసాహారి. పిండినల్లి గుంపులో దూరి వాటి తెల్లటి పిండినే ఒంటికి పూసుకుని దొంగవేషంలో వాటినే తింటుంది. తిన్నాక ఆకు మీద ప్యూపాగా మారుతుంది. ఆ ప్యూపాను దగ్గరగా చూస్తే కళ్లు, ముక్కు ఉన్న కోతి ముఖంలా ఉంటుంది. పిల్లలకు చూపించండి, మళ్లీ మర్చిపోరు. దాని పేరు స్పాల్గిస్. మందు కొట్టని తోటల్లో కనిపిస్తుంది. మందు కొట్టిన తోటలో కనిపించదు.

మిత్రపురుగుల మాట నమ్మశక్యంగా లేదనేవారికి కోయంబత్తూరు కథ చెప్పాలి.

2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి తోటల్లో కొత్తరకం పిండినల్లి కనిపించింది. అది మన దేశపుది కాదు. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చింది. అక్కడ దాన్ని అణచే శత్రువులున్నాయి. ఇక్కడ ఏవీ లేవు. అడ్డూ ఆపూ లేక బొప్పాయి తర్వాత కర్రపెండలం మీదికి, పత్తి మీదికి, చివరికి మల్బరీ మీదికి ఎక్కింది. మల్బరీ అంటే పట్టుపురుగుల మేత. రైతుకు ఎంత ఇరకాటమో ఆలోచించండి. మందు కొడితే ఆ ఆకు తిని పట్టుపురుగు చస్తుంది. కొట్టకపోతే ఆకే ఉండదు. ఈరోడ్డు, సేలం, తిరుప్పూరు వైపు మల్బరీ తోటలు దున్నేసుకున్నవారున్నారు. పురుగు పొరుగు రాష్ట్రాలకూ పాకింది.

అప్పుడు బెంగళూరులో ఉన్న భారత వ్యవసాయ పరిశోధనా మండలి కీటకాల సంస్థ ఒక పని చేసింది. శత్రువు ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని తినేవాడు కూడా అక్కడే ఉంటాడు కదా. 2010లో అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల చిన్న కందిరీగల్ని తెప్పించారు. కందిరీగలంటే మనల్ని కుట్టేవి కావు. చాలా చిన్నవి. మిగతా పంటలకు, ఇతర పురుగులకు హాని చెయ్యవని ముందు పరీక్షించారు. అదే ఏడాది అక్టోబరులో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వాటిని విడుదల చేశారు. రైతులకు పంచారు. వాటిలో అసెరోఫాగస్ పపాయే అనే రకం మిగతా రెంటినీ మించిపోయింది. అది పిండినల్లి పిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పిండినల్లిని లోపలినుంచి తినేసి, ఒక చిన్న రంధ్రం చేసుకుని బయటికి ఎగిరిపోతుంది. కొద్ది నెలల్లోనే పురుగు అదుపులోకి వచ్చింది. లక్షల రూపాయల మందులు చెయ్యలేని పని, కంటికి కనిపించని కందిరీగ చేసింది. అదీ ఒక్కసారి వదిలితే చాలు, తర్వాత తనంతట తానే తరతరాలుగా చేసుకుపోతోంది.

మన లంకల్లో బొప్పాయి రైతులు దీన్నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. మీ తోటలో పిండినల్లి కనిపిస్తే భూతద్దం పెట్టి చూడండి. కొన్ని ఉబ్బిపోయి, గోధుమరంగుకు తిరిగి, చిన్న రంధ్రంతో బోలుగా కనిపిస్తే ఆ కందిరీగ మీ తోటకు వచ్చేసిందని అర్థం. అప్పుడు ఘాటు మందు కొట్టారంటే ఆ కందిరీగ ముందు చస్తుంది. మైనం కవచమున్న పిండినల్లి మిగులుతుంది. ఇక తర్వాతి నెల దాన్ని ఆపేవాడు ఉండడు.

అందుకే మందుకు ముందు చూపు అంటున్నాను. చూడకుండా కొట్టిన మందు చాలాసార్లు మిత్రుణ్ణి చంపి శత్రువును మిగులుస్తుంది.

ఇక ఇంట్లో ఏం చెయ్యాలో చెబుతాను. కుండీ మొక్కలకు మందుల కొట్టుకు పోవక్కర్లేదు. మొదటి మందు నీళ్లు. గొట్టం చివర వేలు అడ్డం పెట్టి, ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టండి. పురుగులు రాలిపోతాయి. వానకు పిండినల్లి తగ్గేది ఇలాగే. లేత మొక్కయితే మెల్లగా కొట్టండి. ఒకటి రెండు చోట్లే ఉంటే, మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో దూది ముంచి, ఆ దూదితో తుడిచేయండి. మైనం కరిగి పురుగు చస్తుంది. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కొంచెం సబ్బు. ముందు సబ్బును నీళ్లలో కరిగించి, తర్వాత నూనె పోసి బాగా గిలకొట్టండి. సాయంత్రం పూట కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడిపోతుంది. ముందురోజు ఒక్క కొమ్మకు కొట్టి చూసి, ఆకు బాగుంటేనే మొత్తం కొట్టండి. బట్టల సోడా పౌడరు మాత్రం వద్దు, అది ఆకును కాలుస్తుంది.

తులసి, కరివేపాకు, పుదీన. వీటి మీద పిండినల్లి వస్తే విషం ఊసే ఎత్తకండి. రేపు ఆ తులసాకు తీర్థంలో పడుతుంది, ఆ కరివేపాకు చారులో పడుతుంది. నీళ్లు కొట్టండి, తుడవండి, పట్టిన కొమ్మ తుంచేయండి. అంతే.

తుంచిన కొమ్మలు ఏం చేస్తున్నారు? చాలామంది గోడ అవతల పడేస్తారు. మన ఊళ్లలో కాలువ ఉంటే కాలువలో పడేస్తారు. పాకే పిల్లలు నీటి మీద తేలిపోతాయని చెప్పాను కదా. కాలువ వాటిని కింది తోటలకు చేర్చి పెడుతుంది. తుంచిన కొమ్మను సంచిలో వేసి మూతి కట్టి ఎండలో పెట్టండి. లేదా కాల్చేయండి. నర్సరీ నుంచి కొత్త మొక్క తెస్తే రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా పెట్టి, ఆకుల అడుగు, కుండీ అంచు చూశాకే కలపండి.

పొలం సంగతి. వయ్యారిభామ, తుత్తురబెండ. ఈ రెండు కలుపు మొక్కలు గట్ల మీద, రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో విచ్చలవిడిగా పెరుగుతాయి. 2005 తర్వాత గుజరాత్, పంజాబ్ పత్తి రైతులను ముంచిన పిండినల్లి ఒకటుంది. అదే ఇక్కడ బెండ, వంగ, మందారాల మీదా కనిపిస్తుంది. పంట లేనప్పుడు అది ఈ కలుపు మీద తలదాచుకుంటుంది. కాబట్టి చేను ఎంత శుభ్రంగా ఉన్నా గట్టు మీద వయ్యారిభామ ఉంటే లాభం లేదు. పూతకు రాకముందే పీకేయాలి. చేతులకు తొడుగు వేసుకోండి, వయ్యారిభామ తగిలితే దురద వస్తుంది.

చెరకులో పిండినల్లి గులాబిరంగులో, ఆకు తొడుగు కింద గణుపుల దగ్గర దాక్కుంటుంది. బయటికి కనిపించదు. ఎండాకు లాగితేనే కనిపిస్తుంది. అది ఎక్కువగా విత్తనపు ముచ్చెలతోనే కొత్త చేలోకి వస్తుంది. పురుగున్న తోట నుంచి ముచ్చెలు తేకండి. ఎండాకులు ఎప్పటికప్పుడు రాల్చండి. వరిలో కూడా పిండినల్లి ఉంది కానీ, నీరు నిండుగా పారే మడిలో దానికి చోటు లేదు. కాలువ చివర నీరందక బీటలు వారిన మడిలో పైరు అక్కడక్కడా గిడసబారితే, ఆకు తొడుగు విప్పి చూడండి.

ఇక రసాయనాలు. వద్దే వద్దని నేను అనడం లేదు. తోట నిండా పట్టేసి, మిత్రపురుగుల జాడ లేనప్పుడు కొట్టక తప్పదు. కానీ ఏ పంటకు ఏ మందు సిఫారసులో ఉందో మీ రైతు సేవా కేంద్రంలోనో, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగి కొట్టండి. కొట్టులో రెండు మూడు డబ్బాలు కలిపి ఇస్తే తీసుకోకండి. పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో పిండినల్లికి నువాన్ కొట్టమని ఉంటుంది. నువాన్ అంటే డైక్లోర్వాస్. అది 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం. ఎవరి దగ్గర పాత సీసా ఉన్నా వాడకూడదు. జీవసంబంధమైన మందుల్లో లెకానిసీలియం అనే శిలీంధ్రపు పొడి ఉంది, లీటరు నీటికి అయిదు గ్రాములు. మంచిదే, కానీ దానికి తేమ కావాలి. ఏప్రిల్, మే నెలల వడగాలిలో కొట్టి పనిచెయ్యలేదంటే తప్పు దానిది కాదు. మంచు పడే రోజుల్లోనో, తొలకరి తర్వాతో సాయంత్రం పూట కొట్టాలి.

సందేహం వస్తే కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు రాసుకోండి. 1800 180 1551. పెన్ను వెతుక్కుంటున్నవారి కోసం మళ్లీ చెబుతున్నాను. 1800 180 1551. ఫోన్ చేసే ముందు ఆకు తిప్పి చూసి, రంగు, పరిమాణం, చీమలున్నాయా లేదా, ఇవి చెప్పగలిగితే వారు సరైన సలహా ఇస్తారు.

చివరిగా ఒక విన్నపం. మీ ఒక్కరి చెట్టు శుభ్రం చేసుకుంటే చాలదు. పక్కింటి జామచెట్టు మీద పిండినల్లి ఉంటే గోడ దాన్ని ఆపలేదు. ఎండలు ముదరకముందే, ఈ ఆదివారం, మీ వీధిలో నలుగురూ కలిసి ఒక గంట చెట్లు చూసుకోండి. క్రిప్టోలీమస్ తెప్పించుకోవాలనుకునే రైతులు కూడా పది మంది కలిసి, పిండినల్లి అక్కడక్కడా కనిపిస్తున్న ఇప్పుడే ఆర్డరు పెట్టుకోండి. తోటంతా తెల్లబడ్డాక తెస్తే ఆలస్యం అయిపోతుంది.